ఆడపిల్లల బొమ్మలు, మగపిల్లల బొమ్మలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టినప్పటి నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు బొమ్మలు కొనేవాళ్ల కోసం, వాళ్లను ఆడించేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

ఒక బొమ్మ ఆడపిల్లలదా, మగపిల్లలదా అని ఎలా తేల్చుకోవాలి?

తేల్చుకోనక్కర్లేదు. పెట్టె మీది రంగును, ఫొటోలో నవ్వుతున్న పిల్లను లేదా పిల్లాడిని కాసేపు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనితో ఆడేటప్పుడు చేతులు ఏం చేస్తాయి? నోరు ఏం మాట్లాడుతుంది? రేపు ఇదే బొమ్మతో వేరే ఆట ఆడుకోవచ్చా? చెక్క బ్లాకులతో ఈ రోజు ఇల్లు, రేపు రైలుబండి, ఎల్లుండి మంచం కట్టుకోవచ్చు. బటన్ నొక్కితే ఒకే పాట పాడే బొమ్మ ఏ రంగులో ఉన్నా రెండు రోజుల్లో మూలన పడుతుంది. మంచి బొమ్మకు గుర్తు ఇదే. కొనుక్కునేది అమ్మాయికా, అబ్బాయికా అన్నది ఈ లెక్కలోకి రాదు.

బొమ్మలే కదా! వీటివల్ల పిల్లలకు నిజంగా ఏం నష్టం?

ఒక్క బొమ్మతో ఏ నష్టమూ లేదు. రెండో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఒకే కోవకు చెందిన బొమ్మలే చేతికి వస్తే, మిగతా కోవల్లో ఉండే అభ్యాసం అందకుండా పోతుంది. నష్టం అక్కడ ఉంది.

వంతెన కట్టే పిల్లను దగ్గర కూర్చుని చూడండి. రెండు బ్లాకులు నిలబెడుతుంది, మీద పొడుగు బ్లాకు పెట్టబోతుంది. ఎడం ఎక్కువైతే అది మధ్యలో పడిపోతుంది. మళ్లీ అదే చోట పెడుతుంది, మళ్లీ పడుతుంది. మూడోసారి ఆ పొడుగు బ్లాకును వదిలేసి, కింద నిలబెట్టిన రెండు బ్లాకులను దగ్గరకు జరుపుతుంది. పొడవును కంటితో కొలవడం, ఆకారాన్ని మనసులో తిప్పి చూడటం అక్కడే మొదలవుతాయి. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పజిళ్లతో ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్ల వయసులో ఆకారాలను మనసులో తిప్పి అమర్చే పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని 2012లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. 2015లో వచ్చిన మరో అధ్యయనంలో, బ్లాకులు, పజిళ్లు, బోర్డు ఆటలు తరచుగా ఆడే పిల్లలకు ఇలాంటి నైపుణ్యం ఎక్కువగా కనిపించింది. ఇవి రెండూ పరిశీలనలే కాబట్టి, ఆ తేడాకు ఆటే పూర్తి కారణమని తేల్చి చెప్పవు. కానీ బొమ్మల ఎంపికలో పక్కన పెట్టేయదగ్గ సంగతి మాత్రం కాదు.

మగపిల్లల నష్టం గురించి ఇంతకంటే తక్కువ మాట్లాడతారు. పాపాయి బొమ్మతో ఆడేటప్పుడు పిల్లలు ఇంకొకరి ఆకలి, నిద్ర, భయం ఊహించి మాట్లాడతారు. 2020లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు మనిషి ఆకారపు బొమ్మలతో ఆడుతుండగా మెదడు చురుకుదనాన్ని కొలిచారు. ఎదుటివారి మనసును అర్థం చేసుకునే పనిలో పాలుపంచుకునే మెదడు భాగం, పిల్లలు ఒంటరిగా బొమ్మలతో ఆడుతున్నప్పుడు కూడా చురుగ్గా ఉంది. ఇది అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ ఒకేలా కనిపించింది. అబ్బాయి చేతికి పాపాయి బొమ్మ అందకుండా చూడటమంటే ఈ సాధనను వాడికి దూరం చేయడమే.

ఇంకో మాట. మరీ ‘అమ్మాయిల’ బొమ్మలుగా ముద్రపడ్డవాటిలో అందం, అలంకరణ ఎక్కువ. మరీ ‘అబ్బాయిల’ బొమ్మల్లో కొట్లాట, పోటీ ఎక్కువ. పిల్లల ఎదుగుదలకు బాగా పనికొచ్చేవి ఈ రెండు చివరల మధ్యే ఎక్కువగా దొరుకుతాయని 2005లోనే ఒక విశ్లేషణ చెప్పింది. కాబట్టి అమ్మాయికి యుద్ధం బొమ్మ కొనిస్తే సమానత్వం వచ్చేసినట్టు కాదు.

పుట్టుకతోనే ఇష్టాలు వేరుగా ఉండవా? మా ఇంట్లో ఎవరూ నేర్పకుండానే మా బాబు కార్ల వెంట పడ్డాడు.

కొంత తేడా ఉంటుంది, లేదని వాదించడం సరికాదు. కడుపులో ఉన్నప్పుడు ఆండ్రోజన్ హార్మోన్లు (మగవారిలో ఎక్కువగా ఉండేవి) ఎక్కువగా తగిలే ఒక అడ్రినల్ గ్రంథి రుగ్మతతో పుట్టిన అమ్మాయిలు, సగటున కార్లు, బ్లాకుల లాంటివాటితో ఎక్కువగా ఆడతారని 1992 నుంచి పలు అధ్యయనాలు చూపాయి. కానీ అవి సగటులు. మీ ఎదురుగా ఉన్న ఒక్క పిల్ల గురించో, ఒక్క పిల్లాడి గురించో సగటు ఏమీ చెప్పలేదు.

2010లో 12, 18, 24 నెలల పిల్లలకు పాపాయి బొమ్మ, కారు బొమ్మల చిత్రాలు చూపించి ఎటు ఎక్కువసేపు చూస్తారో కొలిచారు. మొత్తం మీద అమ్మాయిలు పాపాయి వైపు, అబ్బాయిలు కారు వైపు కాస్త ఎక్కువ చూశారు. అయితే ఏడాది వయసున్న అబ్బాయిలు కూడా కారు కంటే పాపాయినే ఎక్కువగా చూశారు. కారు వైపు మొగ్గు, పాపాయికి దూరం జరగడం తర్వాత వచ్చాయి. గులాబీ, నీలం రంగుల విషయంలోనైతే ఆ వయసులో అమ్మాయిలకూ అబ్బాయిలకూ తేడాయే లేదు.

వాడికి కార్లు ఇష్టమైతే హాయిగా ఆడుకోనివ్వండి. కార్లు తీసేయమని ఇక్కడెవరూ చెప్పడం లేదు. కార్లు మాత్రమే కొనకండి, అంతే.

ఏ వయసు నుంచి బొమ్మల ఎంపికను పట్టించుకోవాలి?

మొదటి ఏడాది నుంచే, కానీ పిల్లల విషయంలో కాదు, పెద్దవాళ్ల విషయంలో. ఆ వయసులో బొమ్మల బుట్ట నింపేది మీరే. రెండేళ్లు దాటాక పిల్లలు ఎవరు అమ్మాయో, ఎవరు అబ్బాయో గుర్తించడం మొదలుపెడతారు. మూడేళ్లకు చాలామంది తమ గురించి తాము చెప్పగలరు. ఐదు, ఆరేళ్లకు ‘ఇది అమ్మాయిలదే, అది అబ్బాయిలదే’ అనే పట్టు బాగా బిగుసుకుంటుంది. ఏడెనిమిదేళ్లకు మళ్లీ సడలుతుంది. అంటే మూడేళ్ల లోపు బుట్టలో అన్నీ వేయడం తేలిక. ఐదేళ్ల పిల్ల ‘ఛీ, ఇది అబ్బాయిలది’ అంటే మీ పెంపకం విఫలమైందని బెంగపడకండి. ఆ వయసులో పిల్లలు లోకాన్ని గట్టి గీతలు గీసి అర్థం చేసుకుంటారు.

మా పాప గులాబీ రంగు తప్ప ఇంకేదీ ముట్టుకోదు. ఏం చేయాలి?

రంగుతో పోట్లాడకండి. ఓడిపోతారు, పైగా తనకిష్టమైనదాన్ని మీరు చిన్నచూపు చూస్తున్నారని పాపకు అర్థమవుతుంది. ఈ ఇష్టం రెండు, రెండున్నరేళ్ల ప్రాంతంలో మొదలై పెరుగుతుందని 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో కనబడింది. అదే వయసు నుంచి అబ్బాయిలు గులాబీకి దూరం జరుగుతూ వచ్చారు. వందేళ్ల కిందట, 1918లో, అమెరికాలో పిల్లల దుస్తుల వ్యాపారుల పత్రిక ఒకటి గులాబీ అబ్బాయిలకు, నీలం అమ్మాయిలకు అని రాసింది! రంగుకూ పుట్టుకకూ ముడి ఎంత వదులుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ రంగునే దారిగా వాడుకోవచ్చు. గులాబీ రంగు స్క్రూడ్రైవర్ సెట్టయినా స్క్రూ తిప్పడమే నేర్పుతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ‘అబ్బాయిల’ బొమ్మలకు గులాబీ రంగు వేస్తే అమ్మాయిలు వాటిపై ఆసక్తి చూపుతారని 2014లో తేలింది, అయితే గులాబీ కాని బొమ్మ నాది కాదనే నమ్మకం కూడా దాంతో బలపడే ప్రమాదం ఉంది. అందుకే మొదటి సెట్టు గులాబీలో కొన్నా, దానికి కలిపే రెండో సెట్టు మామూలు రంగుల్లో తీసుకోండి. రెండూ ఒకే డబ్బాలో వేయండి. కట్టడం ఎత్తు పెరగాలంటే అన్ని రంగుల ముక్కలూ కావాలి, అప్పుడు పాప చేయి తనంతట తనే మిగతా రంగుల మీదికి పోతుంది. కొనేముందు ముక్కల సంఖ్య కూడా పోల్చి చూడండి. కొన్ని గులాబీ సెట్లలో అమర్చే ముక్కలు తక్కువ, ముందే తయారైన పెద్ద భాగాలు ఎక్కువ ఉంటాయి.

ఇంట్లో ఉన్న బొమ్మలు ఒకవైపే మొగ్గాయో లేదో ఎలా చూసుకోవాలి?

పిల్లలు నిద్రపోయాక బొమ్మలన్నీ నేల మీద పరిచి, పనిని బట్టి కుప్పలు పోయండి:

- కట్టేవి, అమర్చేవి: బ్లాకులు, పజిళ్లు, గుచ్చే పూసలు
- సాకేవి, నటించేవి: పాపాయి, వంట సామాను, డాక్టర్ సెట్టు
- కదిలేవి: కార్లు, రైళ్లు, విమానాలు
- ఒంటితో ఆడేవి: బంతి, తాడు, తోసుకుంటూ తిరిగే బండి
- గీసేవి, చేసేవి: రంగులు, మట్టి, కత్తెర
- వేషాలు, యుద్ధం, అలంకరణ

తర్వాత లెక్కపెట్టండి. ఏదో ఒక కుప్పలోనే సగానికి పైగా ఉంటే, లేదా ఏదైనా కుప్ప ఖాళీగా ఉంటే, తర్వాత కొనేది ఆ ఖాళీలోకి వెళ్లాలి. ఉన్నవాటిని పారేయకండి. పిల్లలకు ఇష్టమైన బొమ్మ మాయమైతే కొత్తదాని మీద కోపమే వస్తుంది.

అన్నీ ఒకేసారి బయట పెట్టకండి కూడా. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ముందు 16 బొమ్మలు పెట్టినప్పటికంటే నాలుగు పెట్టినప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ఒక ప్రయోగం చూపింది. వేర్వేరు కుప్పల నుంచి ఒక్కొక్కటి తీసి నాలుగైదు బయట పెట్టి, వారం పది రోజులకు మార్చండి.

అమ్మాయికి బ్లాకులు కొన్నాం. ముట్టుకోవడమే లేదు. ఎందుకు?

చాలా ఇళ్లలో ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది, ‘తనకు ఇష్టం లేదు, చూశారుగా’ అని తీర్మానిస్తారు. ఆ తీర్మానానికి ముందు నాలుగు విషయాలు చూడండి.

మొదటిది, ముక్కలు సరిపోతున్నాయా? పది పదిహేను ముక్కలతో గోడ మొదలవగానే అయిపోతాయి. మూడేళ్ల పిల్లకు కనీసం 40, ఐదేళ్లకు 80 నుంచి 100 ఉంటే కట్టడం ఒక రూపానికి వస్తుంది.

రెండోది, కొలతలు. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికన్ విద్యావేత్త కరోలిన్ ప్రాట్ రూపొందించిన యూనిట్ బ్లాకులు సుమారు 3.5 × 7 × 14 సెంటీమీటర్లుంటాయి. మందం కంటే వెడల్పు, వెడల్పు కంటే పొడవు సరిగ్గా రెట్టింపు. రెండు సగం ముక్కలు కలిపితే ఒక పూర్తి ముక్క అవుతుంది. కొలతలు పొంతన లేని చౌక సెట్లలో గోడ రెండో వరసకే వంకర పోతుంది, పిల్లలకు విసుగొస్తుంది. తప్పు పిల్లది కాదు, ముక్కలది.

మూడోది, చోటు. మెత్తటి పరుపు మీద ఏదీ నిలబడదు. గట్టి నేల, మనుషులు తొక్కుతూ తిరగని మూల కావాలి. సాయంత్రం కట్టింది మర్నాడు ఉదయం వరకు కదపకుండా ఉంచితే ఆట రెండో రోజుకు పెరుగుతుంది.

నాలుగోది, కథ. కార్లతో, యంత్రాలతో కట్టడం మాత్రమే పెట్టె మీద చూపిస్తారు. పాపకు కథలు ఇష్టమైతే బ్లాకుల పక్కన నాలుగు జంతువుల బొమ్మలు, ఆమె పాపాయిని పెట్టండి. ‘దీనికి పడుకునే చోటే లేదు, తలుపు ఎటు పెడదాం?’ అని అడగండి. పాపాయి లోపల పట్టేంత ఇల్లు కట్టడం చిన్న పని కాదు. కప్పు నిలవాలంటే గోడల ఎడం కప్పు పొడవు కంటే తక్కువ ఉండాలి, పిల్ల దాన్ని తనంతట తానే కనిపెడుతుంది.

ఒక నెలపాటు, వారానికి మూడు నాలుగు సార్లు, 15 నిమిషాలు మీరు కూడా నేల మీద కూర్చోండి. మీరు కట్టి చూపించకండి. ముక్కలు అందించండి, కనిపించేది మాటల్లో చెప్పండి: పైన, కింద, పక్కన, అంచు, వాలు. అప్పటికీ ఇష్టపడకపోతే వదిలేయండి. మట్టి, పజిళ్లు, కాగితం మడతలు ఉండనే ఉన్నాయి.

బాబు పాపాయి బొమ్మ కావాలంటున్నాడు. ఎలాంటిది కొనాలి?

ఒళ్లో పట్టేది, 30 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుది, ఉతకడానికి వీలయ్యేది తీసుకోండి. మూడేళ్ల లోపైతే కళ్లు దారంతో కుట్టినవి ఉండాలి, అతికించిన గుండీ కళ్లు ఊడి గొంతులో పడతాయి. జుట్టు దువ్వే ఫ్యాషన్ బొమ్మ కంటే పసిబిడ్డ బొమ్మే మొదటి బొమ్మగా నయం, చేయడానికి దానితో పని ఎక్కువ. దుస్తులు విప్పి తొడిగేలా ఉండాలి. రెండేళ్లకు వెల్క్రో, మూడు దాటాక పెద్ద బొత్తాలు, నాలుగు దాటాక జిప్పు. దానితోపాటు ఒక దుప్పటి, ఎత్తుకునే గుడ్డ ఉంటే ఆట సాగుతుంది.

బాబు దాన్ని కారులో ఎక్కించి గుద్దించాడనుకోండి, కంగారు పడకండి. ‘దెబ్బ తగిలిందా? ఇప్పుడేం చేద్దాం?’ అనండి. చాలాసార్లు అక్కడి నుంచి ఆసుపత్రి ఆట మొదలవుతుంది.

పాపాయి బొమ్మతో ఆడితే బాబు ‘ఆడంగి’ అవుతాడని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు.

బొమ్మను బట్టి పెద్దయ్యాక ఎవరి మీద ఇష్టం కలుగుతుందో మారుతుందనడానికి ఆధారం లేదు. పెద్దవాళ్లతో సిద్ధాంతం మాట్లాడితే మాట పెరుగుతుంది. వాళ్లకు తెలిసిన పనితోనే చెప్పండి: ‘తాతయ్యా, వాడు వాళ్ల నాన్నను చూసి నేర్చుకుంటున్నాడు, రేపు చెల్లిని కూడా ఇలాగే ఎత్తుకుంటాడు.’ ఈ మాట పిల్లాడికి వినిపించేలా అనండి. వాడు వింటున్నది పెద్దవాళ్ల అభ్యంతరాన్ని కాదు, మీ జవాబును.

ఇక్కడ నాన్న పాత్ర ఎక్కువ. కొడుకు ‘ఆడపిల్లల’ బొమ్మలతో ఆడితే తల్లుల కంటే తండ్రులే ఎక్కువగా అడ్డుకున్నారని 1980లో ఒక పరిశీలన చూపింది. నాన్న ఒక్కసారి కింద కూర్చుని పాపాయికి చొక్కా తొడిగితే, అమ్మ పదిసార్లు చెప్పిన దానికంటే పని ఎక్కువ జరుగుతుంది.

మేం వేటినీ వద్దనలేదు. అయినా పిల్లలకు ‘ఇది అమ్మాయిలది, అది అబ్బాయిలది’ అనే ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మన మాటల్లోంచి. 1976లో ఒక ప్రయోగంలో, పెట్టెలోంచి బొమ్మ ఎగిరి రాగానే ఏడ్చిన ఒకే పసిబిడ్డ వీడియోను పెద్దవాళ్లకు చూపించారు. అబ్బాయి అని చెప్పినప్పుడు ‘కోపం’ అన్నారు, అమ్మాయి అని చెప్పినప్పుడు ‘భయం’ అన్నారు. బిడ్డ ఒకటే, ఏడుపు ఒకటే.

అలాగే 2010లో, ప్రీస్కూలు టీచర్లు రెండు వారాలపాటు ‘గుడ్‌మార్నింగ్ బాయ్స్, గర్ల్స్’ అనడం, అమ్మాయిలను, అబ్బాయిలను వేరే వరసల్లో నిలబెట్టడం వంటివి చేస్తే, ఆ కొద్ది రోజుల్లోనే పిల్లల్లో మూస అభిప్రాయాలు పెరిగి, అవతలి జట్టుతో ఆడటం తగ్గింది. టీచర్లు ఏ బొమ్మనూ నిషేధించలేదు, విడదీసే మాటలు వాడారంతే. కాబట్టి ‘అబ్బాయి కదా, ఏడవకు’, ‘అమ్మాయివి, బొమ్మలు సర్దు’ లాంటివి ముందు మానుకోండి. బొమ్మలు సర్దడం ఆడినవాళ్ల పని.

తోటి పిల్లలు వెక్కిరిస్తున్నారు. బొమ్మ దాచేయమంటారా?

వద్దు. దాచేస్తే వెక్కిరించినవాళ్ల మాటే నెగ్గినట్టు. బయటికి తీసుకెళ్లాలా వద్దా అన్నది పిల్లలకే వదిలేయండి, ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే ఉంచండి. చిన్న జవాబు ఒకటి నేర్పి, ఇంట్లో నాలుగుసార్లు ఆటగా అనిపించండి: ‘బొమ్మలు అందరివీ. నువ్వూ ఆడతావా?’ పొడుగు వాదన ఐదేళ్ల పిల్లలకు గుర్తుండదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులను ఇంటికి పిలిచి, అన్ని రకాల బొమ్మలూ బయట పెడితే ఇంకా మంచిది. తమ ఈడు పిల్లలు ‘తమవి కాని’ బొమ్మలతో ఆడుతున్న చిత్రాలు చూసిన నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు, బొమ్మలు ఎవరివన్న విషయంలో పట్టు సడలించారని 2018లో తేలింది. అలాంటి కథల పుస్తకాలు కూడా పనికొస్తాయి.

ప్లేస్కూల్లో ఏం మార్చవచ్చు?

ముందు సామాను జరపండి. బ్లాకుల మూల, ఇల్లు ఆట మూల ఎదురెదురుగా ఉండి మధ్యలో అల్మరా అడ్డుంటే అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు మరోవైపు చేరిపోతారు. 1979లో అచ్చయిన ఒక అధ్యయనంలో మధ్య అడ్డు తీసేయగానే కలిసి ఆడటం పెరిగింది. మొదటి వారం గోలగా ఉంటుంది, వంట సామాను బ్లాకుల్లో కలిసిపోతుంది. తట్టుకోండి. వేషాల పెట్టెలో చీరలు, కిరీటాలతోపాటు డాక్టర్ కోటు, డ్రైవర్ టోపీ, పనిముట్ల సంచి కూడా వేయండి. వాటిని ‘ఎవరికి’ అని చెప్పకుండా ‘ఏం చేసేవాళ్లకి’ అని పరిచయం చేయండి.

దుకాణాల్లో, కంపెనీల్లో ఏమైనా మార్పు వచ్చిందా?

వచ్చింది, నెమ్మదిగా. బ్రిటన్‌లో 2012లో తల్లిదండ్రులు మొదలుపెట్టిన ‘లెట్ టాయ్స్ బి టాయ్స్’ ఉద్యమం తర్వాత కొన్ని దుకాణాలు ‘బాయ్స్’, ‘గర్ల్స్’ బోర్డులు తీసేశాయి. అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ 2015లో అదే చేసింది. బొమ్మలపై ఆడ, మగ అనే మూస ధోరణిని తొలగిస్తామని ప్లాస్టిక్ బ్లాకుల కంపెనీ లెగో 2021 అక్టోబరులో ప్రకటించింది. స్పెయిన్‌లో బొమ్మల ప్రకటనల్లో ఇలాంటి మూస ధోరణిని అడ్డుకునే నియమావళి 2022 డిసెంబరు నుంచి ఉంది. కాలిఫోర్నియాలో 500 లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న పెద్ద దుకాణాలు అమ్మాయిలు, అబ్బాయిలు అనే తేడా లేని బొమ్మల విభాగం ఒకటి ఉంచాలనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ‘అబ్బాయి’, ‘అమ్మాయి’ ఫిల్టర్ వాడకండి. వయసు, ఆట రకం చాలు.

అన్నీ లేత గోధుమ రంగు చెక్క బొమ్మలే కొనాలా?

అక్కర్లేదు. అది పెద్దల గది అలంకరణకు సంబంధించిన ఇష్టం. పిల్లలకు రంగులు కావాలి.

బంధువులు ఎప్పుడూ ఒకే రకం బొమ్మ తెస్తారు. ఎలా చెప్పాలి?

వద్దనకండి, కావలసింది ముందే చెప్పండి. ‘ఏదైనా సరే’ అంటే పెట్టె రంగు చూసి కొనేస్తారు. ‘అత్తయ్యా, 24 ముక్కల పజిల్ ఏదైనా చాలు, వాడిప్పుడు వాటి మీదే ఉన్నాడు’ అంటే పని తేలికవుతుంది. మూడేళ్లకు 12 నుంచి 24 ముక్కలు, ఐదేళ్లకు 48 నుంచి 60 సరైన పరిమాణం.

అన్నయ్య బొమ్మలు చెల్లెలికి ఇవ్వవచ్చా? పాతవాటిలో ఏం చూడాలి?

తప్పకుండా ఇవ్వండి, చెల్లెలి బొమ్మలు అన్నయ్యకు కూడా. చూడాల్సింది భద్రత ఒక్కటే. మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలో ఏ ముక్కా 3.17 సెంటీమీటర్ల వ్యాసమున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమిడిపోకూడదు. పెట్టె మీద ‘3+’ అని ఉంటే అది తెలివితేటల లెక్క కాదు, చాలావరకు ఈ ముక్కల లెక్కే. రిమోట్ కార్లు, పాటలు పాడే బొమ్మల బ్యాటరీ మూత స్క్రూతో బిగుసుకుని ఉందా చూడండి. బటన్ సెల్ (గుండీలా ఉండే చిన్న బ్యాటరీ) మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అయస్కాంతం ముక్కలున్న బ్లాకుల్లో పగుళ్లు కనిపిస్తే పారేయండి. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల గోడల మధ్య అతుక్కుని చిల్లు పెడతాయి. చెక్క బొమ్మల అంచులు అరచేత్తో తడిమి, పెచ్చులు లేస్తుంటే గరుకు కాగితంతో రుద్దండి. రంగు పొరలు ఊడుతున్న పాత బొమ్మను మాత్రం రుద్దకండి, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి తీసేయడమే మేలు.